బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకు సహాయం: ఏది కొరతో తేలకముందే ఏం కొంటాం?

బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్షకు చదువుతున్నామని చెప్పగానే అవతలివారి నోట వచ్చే మొదటి మాట, కోచింగ్ ఎక్కడ అన్నదే. ఆ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: సహాయం అంటే ఒకే సరుకు, అది కొన్నిచోట్ల మేలైనదిగా, కొన్నిచోట్ల నాసిరకంగా దొరుకుతుంది, కాబట్టి మంచి చోటు వెతుక్కుంటే పని అయిపోతుంది. నిజానికి ఆ ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని నాలుగు సేవలు కలిసిపోయి ఉన్నాయి. మరచిపోయిన లెక్కలనూ, జాగ్రత్తగా చదివే అలవాటునూ తిరిగి నేర్పడం ఒకటి. పరీక్షకే ప్రత్యేకమైన ప్రశ్నల తీరును, సమయాన్ని ఖర్చుపెట్టే పద్ధతిని అలవాటు చేయడం రెండోది. అభ్యర్థి ఎక్కడ, ఏ కారణంగా తప్పుతున్నారో కనిపెట్టి చెప్పడం మూడోది. నెలల తరబడి చదువు ఆగిపోకుండా చూడడం నాలుగోది. నాలుగోదాని కొరత ఉన్నవారు మొదటిదాన్ని కొనుక్కోవడం, మూడోది కావలసినవారికి రెండోదాన్ని అంటగట్టడం ఈ రంగంలో నిత్యం జరిగే పని. తమకు లోటు ఎక్కడుందో తేల్చుకున్నాకే ఏ సహాయం తీసుకోవాలన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. అది తేల్చుకోవడానికి పరీక్ష ఎలా పనిచేస్తుందో కొంత లోతుగా తెలియాలి.

పరీక్ష పనిచేసే తీరు

ప్రపంచవ్యాప్తంగా బిజినెస్ స్కూళ్లు విస్తృతంగా అంగీకరించే పరీక్షలు జీమ్యాట్, జీఆర్‌ఈ. వీటిలో జీమ్యాట్ బిజినెస్ స్కూళ్ల కోసమే పుట్టింది. 1953లో తొమ్మిది బిజినెస్ స్కూళ్లు కలిసి, పరీక్షల నిర్వహణలో పేరున్న ఈటీఎస్‌తో చేతులు కలిపాయి. మరుసటి ఏడాది మొదటి పరీక్ష జరిగింది, ప్రస్తుత పేరు 1976లో వచ్చింది. 1997లో అది కంప్యూటర్ మీద జరిగే అడాప్టివ్ పరీక్షగా, అంటే రాస్తున్నవారి జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకునే పరీక్షగా మారింది. ఈనాటికీ సహాయం గురించిన చాలా గందరగోళానికి మూలం ఈ ఒక్క మార్పే.

కాగితం మీద రాసే పరీక్షలో అందరికీ అవే ప్రశ్నలు వస్తాయి, ఎన్ని సరైతే అన్ని మార్కులు పడతాయి. అడాప్టివ్ పరీక్ష లెక్క వేరు. సరైన జవాబు ఇచ్చినకొద్దీ కష్టమైన ప్రశ్న, తప్పినకొద్దీ తేలికైన ప్రశ్న ఎదురవుతుంది. మొత్తం మీద ఎన్ని సరిచేశారన్నది కాక, ఏ కష్టస్థాయి దగ్గర సరిచేయగలుగుతున్నారన్నదాన్ని పరీక్ష అంచనా కడుతుంది. అందువల్ల బాగా రాస్తున్నవారికి కూడా పరీక్ష పొడవునా కష్టంగానే అనిపిస్తుంది, చాలా మంచి స్కోరు వచ్చినవారు కూడా కొన్ని ప్రశ్నలు తప్పే ఉంటారు. అత్యంత కష్టమైన ప్రశ్న తప్పితే అంచనా పెద్దగా కదలదు. తప్పకూడని తేలిక ప్రశ్న తప్పితే మాత్రం బాగా కిందికి దిగుతుంది. ఇక ఒక ప్రశ్నను వదలలేక ఐదు నిమిషాలు పట్టుకు కూర్చుని, చివర్లో నాలుగు ప్రశ్నలకు జవాబే ఇవ్వకపోతే జరిగే నష్టం అన్నింటికంటే పెద్దది, ఎందుకంటే విభాగాన్ని పూర్తిచేయనివారి స్కోరుకు కోత పడుతుంది. అన్నీ చేసి తీరాలన్న పట్టుదలతో చదువులో నెగ్గుకొచ్చినవారు ఇక్కడ తమ పట్టుదల చేతనే దెబ్బతినడం విచిత్రంగా కనిపించినా, పరీక్ష నిర్మాణాన్ని చూస్తే అది సహజమే.

2023 నవంబరులో జీమ్యాట్ కొత్త రూపం వచ్చింది. పాత రూపాన్ని 2024 జనవరి చివరితో ఆపేశారు. ఇప్పుడు పరీక్షలో మూడే విభాగాలున్నాయి. లెక్కల విభాగమైన క్వాంట్‌లో 21, ఇంగ్లీషు చదివి తర్కించే వెర్బల్‌లో 23, పట్టికలు, గ్రాఫుల్లోని సమాచారాన్ని విశ్లేషించే డేటా ఇన్‌సైట్స్‌లో 20 ప్రశ్నలుంటాయి, ఒక్కొక్కదానికి 45 నిమిషాలు. మొత్తం 2 గంటల 15 నిమిషాల్లో 64 ప్రశ్నలు. వ్యాసరచన పోయింది, వ్యాకరణదోషాలను సరిదిద్దే సెంటెన్స్ కరెక్షన్ పోయింది, క్వాంట్ నుంచి జ్యామితి పోయింది. ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందో లేదో తేల్చమనే డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు క్వాంట్ నుంచి డేటా ఇన్‌సైట్స్‌కు మారాయి. కాలిక్యులేటర్ ఆ ఒక్క విభాగంలోనే ఇస్తారు. విభాగాలను ఇష్టమైన వరుసలో రాయవచ్చు. ఒక్కో విభాగం చివర, సమయం మిగిలితే, వెనక్కి వెళ్లి గరిష్ఠంగా మూడు జవాబులను మార్చుకోవచ్చు. స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది, ఎప్పుడూ 5 అంకెతోనే ముగుస్తుంది.

ఈ వివరాలను ఇంత విడమరచి చెప్పడానికి కారణం ఉంది. ఎవరో వాడేసిన పాత పుస్తకాలు, పాత వీడియో పాఠాలు, పాత అనుభవంతో సలహా ఇచ్చే సీనియర్లు ఇంకా చెలామణిలో ఉన్నారు. సెంటెన్స్ కరెక్షన్ నియమాలను నెల రోజులు బట్టీ పట్టి, అది పరీక్షలో లేదని ఆలస్యంగా తెలుసుకోవడం ఊహకందని విషయమేమీ కాదు. పాత 700 స్కోరుకు ఉన్న గౌరవాన్ని మనసులో పెట్టుకుని కొత్త పరీక్షలో వచ్చిన 645ను చూసి నిరుత్సాహపడేవారికి, పర్సంటైల్ ప్రకారం, అంటే ఎంత శాతం మంది కంటే ముందున్నారన్న లెక్కలో, ఆ రెండూ ఇంచుమించు ఒకే చోట నిలుస్తాయని ఎవరైనా చెప్పాలి. సలహా ఇచ్చేవారిని నమ్మే ముందు, వారు ఏ రూపంలోని పరీక్ష గురించి మాట్లాడుతున్నారో అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

జీఆర్‌ఈ దారి కొంత వేరు. 2023 సెప్టెంబరు నుంచి అది కూడా కుదించుకుపోయి 1 గంట 58 నిమిషాల పరీక్ష అయింది. ఒక వ్యాసం, రెండు వెర్బల్ విభాగాలు, రెండు క్వాంట్ విభాగాలు ఉంటాయి. ఇక్కడ కష్టస్థాయి ప్రశ్న ప్రశ్నకూ మారదు. మొదటి విభాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో విభాగం మొత్తంగా తేలికగానో కష్టంగానో వస్తుంది. ఒక విభాగం లోపల ప్రశ్నలను వదిలి ముందుకు వెళ్లవచ్చు, మళ్లీ వెనక్కి రావచ్చు, క్వాంట్ అంతటా కాలిక్యులేటర్ ఉంటుంది. అయితే వెర్బల్‌లో పదసంపద మీద ఒత్తిడి ఎక్కువ. ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఈ తేడా చిన్నది కాదు. తర్కం బలంగా ఉండి పదజాలం పరిమితంగా ఉన్నవారికి జీమ్యాట్ వెర్బల్ అనుకూలించవచ్చు, విస్తృతంగా చదివే అలవాటు ఉండి లెక్కల్లో వేగం లేనివారికి జీఆర్‌ఈ ఊరటనివ్వవచ్చు. దీన్ని ఎవరి సలహాతోనో తేల్చుకోవలసిన అవసరం లేదు. రెండు పరీక్షల నిర్వాహకులూ చెరో రెండు పూర్తి మాక్ టెస్టులను ఉచితంగా ఇస్తున్నారు. రెండు వారాంతాల్లో చెరొకటి రాసి చూసుకుంటే, గంట సేపు కౌన్సెలింగ్‌లో తెలియనిది తెలుస్తుంది. పని అనుభవం ఎక్కువగా ఉండి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏకు వెళ్లేవారికి 90 నిమిషాల్లో ముగిసే ఎగ్జిక్యూటివ్ అసెస్‌మెంట్ అనే మరో పరీక్ష ఉంది. లక్ష్యంగా పెట్టుకున్న స్కూలు దాన్ని అంగీకరిస్తే, పెద్ద పరీక్ష బరువు నెత్తినెత్తుకోవలసిన పని లేదు.

ఒకే ప్రశ్న, నాలుగు లోట్లు

కొరతలు ఎలా వేరుపడతాయో చూడడానికి డేటా సఫిషియెన్సీ తరహా నమూనా ఒకటి తీసుకుందాం. ఒక ధన పూర్ణాంకం 12తో నిశ్శేషంగా భాగింపబడుతుందా అన్నది ప్రశ్న. మొదటి వాక్యం, ఆ సంఖ్య 6తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చెబుతుంది. రెండో వాక్యం, అది 4తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చెబుతుంది. జవాబు చెప్పడానికి ఒక్కొక్క వాక్యం విడిగా చాలుతుందా, రెండూ కలిస్తే చాలుతుందా, కలిసినా చాలదా అన్నది అభ్యర్థి తేల్చాలి. 6 గుణిజాల్లో 12 ఉంది, 18 కూడా ఉంది, కాబట్టి మొదటిది ఒక్కటే చాలదు. 4 గుణిజాల్లో 12 ఉంది, 20 కూడా ఉంది, కాబట్టి రెండోది ఒక్కటే చాలదు. రెండూ కలిస్తే ఆ సంఖ్య 6, 4ల క.సా.గు. అయిన 12తో భాగింపబడి తీరాలి. రెండూ కలిస్తేనే చాలుతుందన్నది సరైన జవాబు.

ఒక అభ్యర్థి మొదటి వాక్యం ఒక్కటే చాలునని రాశారనుకుందాం. ఆరా తీస్తే, 6 గుణిజాలుగా 12, 24, 36 మాత్రమే మనసులో మెదిలాయని, 6ను గానీ 18ని గానీ పరీక్షించలేదని తేలుతుంది. వారికి లెక్క తెలుసు. తమ నమ్మకాన్ని బలపరిచే ఉదాహరణలనే కాక దాన్ని పడగొట్టే ఉదాహరణలను వెతికే అలవాటు లేదు. రెండో అభ్యర్థి రెండో వాక్యం ఒక్కటే చాలునన్నారు. 6తో భాగింపబడుతుందన్న మొదటి వాక్యం సమాచారం మనసులో అలాగే ఉండిపోవడంతో, రెండోదాన్ని విడిగా చూస్తున్నామనుకుంటూనే రెండింటినీ కలిపి చూశారు. ఇది ఈ ప్రశ్నల తీరు అలవాటు కాకపోవడం వల్ల వచ్చిన తప్పు, కొద్ది రోజుల సాధనతో పోతుంది. మూడో అభ్యర్థికి అంతా తెలుసు, కానీ అంతకు ముందు ప్రశ్న మీద నాలుగున్నర నిమిషాలు గడిపి, కంగారులో దీనికి గుడ్డిగా ఏదో ఒక జవాబు ఎంచుకున్నారు. వీరి తప్పు ఈ ప్రశ్నలో లేదు, ముందు ప్రశ్నలో ఉంది. జవాబుల పట్టిక చూసి తప్పులు లెక్కపెట్టేవారికి ఆ సంగతి ఎన్నటికీ కనిపించదు.

నాలుగో అభ్యర్థి అందరికంటే ప్రమాదకరమైన స్థితిలో ఉన్నారు, ఎందుకంటే వారి జవాబు సరైనది. 6తోనూ 4తోనూ భాగింపబడే సంఖ్య వాటి లబ్ధమైన 24తో భాగింపబడుతుందని, 24తో భాగింపబడేది 12తో కూడా భాగింపబడుతుందని వాదించుకుని, రెండూ కలిస్తే చాలునని రాశారు. జవాబు సరిగా ఉంది, వాదన తప్పు. 12 అనే సంఖ్య 6తోనూ 4తోనూ భాగింపబడుతుంది, 24తో మాత్రం భాగింపబడదు. ప్రశ్నలో 12 బదులు 24 ఉండి ఉంటే ఇదే వాదన వారిని ముంచి ఉండేది. ఈ అభ్యర్థికి క.సా.గు. మీద కనీసం ఒక సాయంకాలం పాఠం కావాలి, కానీ మాక్ టెస్టు ఫలితంలో ఈ ప్రశ్న పక్కన టిక్కు గుర్తు పడుతుంది కాబట్టి ఎవరూ దాన్ని తిరిగి చూడరు.

ఇక్కడ నలుగురికీ కావలసిన సహాయం వేరువేరు. అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టి సంఖ్యా సిద్ధాంతం పాఠాన్ని మూడు గంటలు చెబితే ఒక్కరికి మేలు జరుగుతుంది, ముగ్గురికి కాలం వృథా అవుతుంది. వ్యక్తిగత ట్యూటర్‌కు ఉన్న అసలు విలువ ఈ తేడాను పట్టుకోవడంలోనే ఉంది. వివరణలు చెప్పడానికైతే ట్యూటర్ అవసరం దాదాపు లేదు, అవి పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఎన్నైనా దొరుకుతున్నాయి. అభ్యర్థి చేత బిగ్గరగా ఆలోచింపజేసి, మాట ఎక్కడ తడబడిందో విని, అక్కడ ఆపి అడగగలిగినవారే ట్యూటర్. కాబట్టి కుదుర్చుకునే ముందు ఒక నమూనా తరగతి అడగాలి. ఆ గంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించాలి. ట్యూటర్ గొంతే ఎక్కువసేపు వినిపించిందంటే అది రికార్డు చేయని వీడియో పాఠమే.

తప్పుల పుస్తకం

ట్యూటర్ ఉన్నా లేకపోయినా, లోటును కనిపెట్టే పనిలో సగానికి పైగా అభ్యర్థి చేతిలోనే ఉంటుంది, దానికి కావలసింది ఒక పుస్తకం. సాధన చేసిన ప్రతి ప్రశ్నకూ పట్టిన సమయం, తప్పిన కారణం, ముందుగా ఏ సూచన చూసి ఉంటే తప్పకుండా ఉండేదన్న సంగతి అందులో రాసుకోవాలి. చాలామంది రాసే తప్పుల పుస్తకం ఎందుకూ కొరగాకపోవడానికి కారణం, కారణమన్న గడిలో వారు అజాగ్రత్త అని రాసి ఊరుకోవడమే. అజాగ్రత్త అన్నది కారణం కాదు, కారణం వెతకడం మానుకున్నామని ఒప్పుకోవడం. ప్రశ్నలో ధన సంఖ్య అని ఉన్నదాన్ని పూర్ణ సంఖ్యగా చదివాను అని రాస్తే దానికి మందు ఉంది. వాదాన్ని బలహీనపరిచేది ఏదని అడిగితే బలపరిచేదాన్ని ఎంచుకున్నాను, అది కూడా రెండు జవాబుల మధ్య ఊగిసలాడి ప్రశ్నను మరచిపోయిన తర్వాత, అని రాస్తే దానికీ ఉంది. అలాగే సరైన జవాబు వచ్చినా ధైర్యం లేకుండా రాసిన ప్రశ్నలను కూడా ఆ పుస్తకంలోకి ఎక్కించాలి. పైన చెప్పిన నాలుగో అభ్యర్థి దొరికేది ఆ వరుసలోనే.

ఇలా యాభై, అరవై ప్రశ్నలు పోగయ్యేసరికి ఒక ఆకృతి కనిపిస్తుంది. తప్పుల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు అంశాల చుట్టూ ఉంటే మొదటి రకం సహాయం, అంటే పాఠం, కావాలి. అంశాలు చెల్లాచెదురుగా ఉండి ప్రశ్న రకం ఒకటే అయితే రెండో రకం. సమయం లేకుండా చేస్తే అన్నీ సరై, గడియారం పెట్టగానే కూలిపోతుంటే అది సమయపాలన సమస్య, దానికి పాఠాలు పనికిరావు. పుస్తకంలో రెండు వారాలుగా తేదీలే లేకపోతే, చెప్పనవసరం లేదు, నాలుగో రకం. ఇప్పటికే పరీక్ష రాసినవారికి జీమ్యాట్ అధికారిక స్కోరు నివేదికలోనే ప్రశ్న రకాల వారీగా ప్రదర్శన, సమయం ఖర్చయిన తీరు కనిపిస్తాయి. దాన్ని విప్పి చూడకుండానే మరో కోర్సులో చేరేవారు ఉన్నారంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

సహాయం ఎంత పనిచేస్తుంది?

ఒకరికి ఒకరు కూర్చుని చెప్పే చదువు శక్తి గురించి మాట్లాడేటప్పుడు 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ ప్రకటించిన ఫలితాన్ని ఉదహరించడం మామూలు. వ్యక్తిగత ట్యూటరింగ్ పొందిన సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని విద్యార్థుల్లో 98 శాతం మందిని మించిపోయాడన్నది ఆ ఫలితం. తరువాతి పరిశోధన అంత ఉదారంగా లేదు. 2011లో కర్ట్ వాన్‌లెన్ అనేక అధ్యయనాలను కలిపి చూసి, మనిషి చేసే ట్యూటరింగ్ ప్రభావం బ్లూమ్ చెప్పినదానిలో సగం కంటే తక్కువని, ప్రతి అడుగునూ గమనించి స్పందించే కంప్యూటర్ ట్యూటర్లు దానికి దాదాపు సమానంగా పనిచేస్తున్నాయని తేల్చారు. ఆయన పరిశీలనలో ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది: చివరి జవాబు మాత్రమే సరిచూసే ప్రోగ్రాముల ప్రయోజనం అందులో సగం కూడా లేదు. అడుగడుగూ సరిచూసేవే బాగా పనిచేస్తాయి. మనిషా, యంత్రమా అన్న వాదన కంటే, మన ఆలోచనలోని ఏ మెట్టును ఎవరు చూస్తున్నారన్న ప్రశ్నే ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ప్రకటనల్లో కనిపించే మా విద్యార్థుల స్కోరు సగటున వంద పాయింట్లు పెరిగిందన్న మాట. ఆ వాక్యం అబద్ధం కాకపోయినా అందులో సమాచారం తక్కువ. పెరిగిందంటే ఎక్కడి నుంచి? ఏమీ చదవకుండా, ప్రశ్నల తీరే తెలియకుండా, ఆ సంస్థే తయారుచేసిన పరీక్షను చేరిన రోజు రాస్తే వచ్చిన స్కోరు నుంచా? అలాంటి మొదటి స్కోరు తర్వాత ఎవరికైనా, ఏ సహాయం లేకుండా పుస్తకం ముందేసుకున్నా, పెరుగుదల ఖాయం. సగటు ఎవరిది? మధ్యలో మానేసినవారిని లెక్కలోంచి తీసేశారా? రెండోసారి పరీక్ష రాసేవారిలో మొదటిసారి దురదృష్టవశాత్తు తమ స్థాయికి తక్కువ తెచ్చుకున్నవారు ఎక్కువ ఉంటారు, వారు ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తారు. ఇవన్నీ తీసివేయాలంటే కోచింగ్ తీసుకున్నవారిని, అదే స్థాయిలో ఉండి తీసుకోనివారితో పోల్చాలి. అమెరికాలో కళాశాల ప్రవేశానికి రాసే స్యాట్ మీద అలా పోల్చి చేసిన అధ్యయనాలలో, కోచింగ్ వల్ల అదనంగా వచ్చిన పెరుగుదల ప్రకటనల్లోని వందల పాయింట్లతో పోలిస్తే చాలా స్వల్పంగా, కొద్ది పదుల పాయింట్లుగానే తేలింది. దీని అర్థం కోచింగ్ పనికిరాదని కాదు. పెరుగుదలలో ఎక్కువ భాగం అభ్యర్థి సొంత సాధనదనీ, కోచింగ్ ఆ సాధనకు ఒక చట్రాన్ని మాత్రమే ఇస్తుందనీ అర్థం. ఆ చట్రం లేకపోతే అసలు చదవలేనివారికి అది చాలా విలువైనదే.

సాధన కూడా ఒకే రకం కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివింది మూసి గుర్తుతెచ్చుకుంటూ సాధన చేసినవారు వారిని దాటిపోయారు. వివరణ వీడియో చూస్తున్నప్పుడు అంతా తేటతెల్లమై, మరుసటి వారం అదే ప్రశ్న కొత్తగా కనిపించడం వెనుక ఉన్నది ఇదే. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ లెక్కల మీద చేసిన ప్రయోగం మన విషయానికి మరింత దగ్గర. ఒకే రకం లెక్కలను వరుసగా చేసిన విద్యార్థులు సాధన సమయంలో 89 శాతం సరిచేశారు, రకాలను కలగలిపి చేసినవారు 60 శాతమే సరిచేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివారు 20 శాతానికి పడిపోయారు, రెండోవారు 63 శాతం దగ్గర నిలిచారు. సోమవారం శాతాలు, మంగళవారం నిష్పత్తులు అని విడదీసి చెప్పే కోర్సులో అభ్యర్థికి అంతా వస్తున్నట్టు అనిపించడానికి, మాక్ టెస్టులో ఆ భావన ఆవిరైపోవడానికి కారణం ఇక్కడుంది. ప్రశ్న చూడగానే ఇది ఏ రకమో గుర్తించడం అసలు పరీక్షలో ఒక నైపుణ్యం, ఆ నైపుణ్యాన్ని వరుస సాధన ఎప్పుడూ పరీక్షించదు. ఏదైనా కోర్సును ఎంచుకునేటప్పుడు, అధ్యాయాల జాబితా కంటే, పాత అంశాలను కలగలిపి ఎన్నాళ్లకు ఒకసారి మళ్లీ ముందుకు తెస్తారో అడగడం మేలు.

ప్రశ్నలు ఎక్కడివి?

సాధనకు వాడే ప్రశ్నల నాణ్యత గురించి కొంత పట్టింపు అవసరం. అసలు పరీక్షలోకి చేరే ముందు ప్రతి ప్రశ్ననూ, మార్కులు లెక్కించని ప్రశ్నగా నిజమైన అభ్యర్థుల ముందు ఉంచి, దాని కష్టస్థాయిని కొలుస్తారు. అందువల్ల అధికారిక పుస్తకాల్లో, అధికారిక మాక్ టెస్టుల్లో వచ్చే ప్రశ్నలకు ఉండే కచ్చితత్వం ఇతరులు తయారుచేసేవాటికి రావడం కష్టం. క్వాంట్‌లో ఈ తేడా కొంత సర్దుకుంటుంది. వాదాలను విశ్లేషించమనే వెర్బల్ ప్రశ్నలైన క్రిటికల్ రీజనింగ్‌లో మాత్రం బయటి ప్రశ్నలు తరచు రెండు జవాబులు సరిపోయేలా ఉంటాయి, వాటితో ఎక్కువ సాధన చేస్తే తర్కం పదునెక్కడానికి బదులు ప్రశ్నను తయారుచేసినవారి మనసు ఊహించడం అలవాటవుతుంది. అధికారిక ప్రశ్నలు పరిమితం కాబట్టి వాటిని మొదటి నెలలోనే ఖర్చు చేసుకోకుండా, పునాది సాధనకు బయటివి, పరీక్ష దగ్గరపడ్డాక అధికారికమైనవి వాడడం తెలివైన పని.

ఏఐ చాట్‌బాట్‌లను కూడా ఇదే కొలబద్దతో చూడాలి. అర్థం కాని వివరణను మరో విధంగా చెప్పమని అడగడానికి, మన వాదనను మెట్టు మెట్టుగా రాసి ఎక్కడ తప్పిందో చూడమనడానికి అవి బాగా ఉపకరిస్తాయి. వాటి చేత కొత్త ప్రశ్నలు తయారుచేయించుకోవడం, తప్పు జవాబును కూడా అంతే ధీమాగా సమర్థించే వాటి గుణాన్ని మరచిపోవడం మాత్రం ప్రమాదం. అధికారిక జవాబు చేతిలో ఉన్న ప్రశ్నల మీద వాటిని వాడుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

నిన్న పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఎవరైనా అందించేవాటిని సహాయంగా లెక్కించకూడదు. 2008లో ఒక వెబ్‌సైటు ద్వారా అసలు ప్రశ్నలు బయటపడిన వ్యవహారంలో, జీమ్యాట్ నిర్వాహకులు కోర్టుకు వెళ్లి గెలవడమే కాక, దాన్ని వాడుకున్న కొందరు అభ్యర్థుల స్కోర్లను కూడా రద్దు చేశారు.

నాలుగో రకం సహాయానికి ఎవరైనా సరిపోతారు

చదువు ఆగిపోకుండా చూడడానికి నిపుణులు అక్కరలేదు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి అసలు శత్రువు గణితం కాదు, సాయంత్రం ఏడు గంటలకు వచ్చే అలసట. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి రెండుసార్లు నిర్ణీత సమయంలో కూర్చుని, ఒక్కొక్కరు తాము తప్పిన ఒక ప్రశ్నను మిగతావారికి వివరించాలన్న నియమం పెట్టుకుంటే, ఈ రకం సహాయం దొరికినట్టే. పైగా వివరించవలసి రావడం వల్ల మూడో రకం కూడా కొంత దొరుకుతుంది. బృందంలో అందరూ ఒకే స్థాయిలో ఉండాలన్న పట్టింపు అనవసరం. అందరూ నిజంగా పరీక్ష తేదీ తీసుకున్నవారై ఉండడం మాత్రం అవసరం. తేదీ లేని బృందం కొద్ది వారాల్లో కబుర్ల బృందంగా మారిపోతుంది.

దరఖాస్తు వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూలకు తోడ్పడే అడ్మిషన్స్ కన్సల్టెంట్ల వ్యవహారం పూర్తిగా వేరు. పరీక్ష బాగా నేర్పేవారికి దరఖాస్తు గురించి తెలియాలని లేదు, దరఖాస్తు తెలిసినవారికి డేటా సఫిషియెన్సీ తెలియాలని లేదు. రెండూ ఒకే ప్యాకేజీలో ఇస్తామంటే, రెండింటినీ విడివిడిగా ఎవరెవరు చేస్తారో పేర్లతో అడగాలి.

ఎప్పుడు ఆపాలి?

సహాయం అమ్మేవారెవరూ ఇక చాలు అని చెప్పరు కాబట్టి ఈ నిర్ణయం అభ్యర్థే తీసుకోవాలి. మొత్తం స్కోరులో 30 నుంచి 40 పాయింట్ల మేరకు కొలత దోషం ఉండవచ్చని జీమ్యాట్ నిర్వాహకులే చెబుతారు. అంటే మాక్ టెస్టులో 635 వచ్చి, రెండు వారాల తర్వాత 655 వస్తే, అది కోర్సు మహిమ అనుకోవడానికి ఆధారం లేదు, 615 వస్తే కుంగిపోవడానికీ లేదు. మూడు నాలుగు మాక్ టెస్టుల వరుసను చూసి మాట్లాడాలి. లక్ష్యంగా పెట్టుకున్న స్కూలు తన తరగతి వివరాల్లో ప్రకటించే స్కోరు పరిధిని పక్కన పెట్టుకోవాలి. ఆ పరిధి మధ్యలోకి చేరిన అభ్యర్థికి, ఇంకో 20 పాయింట్ల కోసం రెండు నెలలు వెచ్చించడం కంటే ఆ రెండు నెలలను దరఖాస్తుకు ఇవ్వడం తరచు ఎక్కువ ఫలితమిస్తుంది.

పరిధికి బాగా దిగువన ఉన్నవారు మళ్లీ రాయవచ్చు. జీమ్యాట్‌కు రెండు ప్రయత్నాల మధ్య 16 రోజులు, జీఆర్‌ఈకి 21 రోజులు విరామం ఉండాలి, రెండింటికీ 12 నెలల్లో ఐదు ప్రయత్నాలు మించకూడదు, రెండింటి స్కోర్లూ ఐదేళ్లు చెల్లుతాయి. కనీస విరామం ముగిసిన మర్నాడే తేదీ తీసుకోవడం మాత్రం తొందరపాటు. మొదటి స్కోరు నివేదికను తప్పుల పుస్తకం పక్కన పెట్టి, ఏ రకం లోటు వల్ల పాయింట్లు పోయాయో ఒక వాక్యంలో రాయగలిగిన రోజున రెండో తేదీ తీసుకోవచ్చు. ట్యూటర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు చేతిలో పట్టుకెళ్లవలసింది కూడా ఆ వాక్యాన్నే.